దేవుని సాలు

మా తోటలో మూడు రకాల సాళ్లు ఉండేవి. వరంగల్ దాటి నర్సంపేట రోడ్డు పట్టుకుంటే ఎడమ పక్కన ఇరవై గుంటల భూమి మాది. అందులో ఎక్కువ సాళ్లు అమ్మకానివి. బావి పక్కన ఒక్క సాలు ఇంటిది. తూర్పు గట్టు వెంట ఇంకొకటి దేవునిది. బయటివాళ్లు వచ్చి చూస్తే అన్నీ వంకాయ చెట్లే. తేడా ఏమిటో మాకే తెలుసు.

ఇంటి సాలు సంగతి ముందు చెప్పాలి. మా ఆయన పత్తికి మందు కొట్టి కొట్టి ఒకనాడు గట్టు మీదే కూలబడ్డాడు. నోట్లో నురగ, కళ్లు తేలేశాడు. ఎడ్లబండి మీద రోడ్డు దాకా తీసుకొచ్చి, అక్కడి నుంచి ఎవరిదో ఇటుకల లారీలో దవాఖానకు వేసుకుపోయాం. ఆ లారీ అతను బీడీ కూడా కాల్చకుండా తోలాడు పాపం, పేరైనా అడగలేదు నేను. మా ఆయన బతికి వచ్చాడు, ఆ తర్వాత పదహారేళ్లు ఉన్నాడు. దవాఖాన నుంచి వచ్చిన మర్నాడే నేను బావి పక్కన సాలు చూపించి, "దీనికి మందు చుక్క తగులొద్దు. పిల్లలు తినేది దీంట్లకెల్లే," అన్నాను. మా కొడుకు దావీదుకు అప్పుడు ఆరేళ్లు.

అట్లా మొదలైంది. అందులో మేం దాచిపెట్టిందేమీ లేదు. మా ఊళ్లో కూరగాయలు పండించే ప్రతి ఇంటికీ అటువంటి సాలు ఉంటుంది. పక్క చేను కుమారస్వామి తనదాన్ని పిల్లల మడి అంటాడు. ఆ కాయలు వంకరగా ఉంటాయి, పుచ్చులుంటాయి, సగం కోసి పారేసి సగం వండుకుంటాం. దాని గురించి ఎవరమూ సిగ్గుపడలేదు. మా బావి దగ్గర ఆడవాళ్లం కూర్చున్నప్పుడు, "మీ ఇంటి సాలు ఎట్లున్నదే?" అని మామూలుగానే అడుక్కునేవాళ్లం.

ఇక దేవుని సాలు. మేం క్రైస్తవులం. మా సంఘంలో ఏటా నవంబరులో పంట పండుగ చేస్తారు. ఎవరి తోటలో మొదట కాసినది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. గుమ్మడికాయలు, చెరుకు గడలు, కోళ్లు, ఒక్కోసారి మేకపిల్ల కూడా. ఆరాధన అయ్యాక ఆవరణలోనే వేలం పాడతారు. ఎవరు పాడుకుంటే వాళ్లు ఇంటికి తీసుకుపోయి వండుకుంటారు. దేవునిదని మొక్కుకున్న సాలుకు నేను నారు పెట్టిననాడే మొదటి చెట్టు దగ్గర, చివరి చెట్టు దగ్గర కట్టెలు పాతి తెల్లగుడ్డ పేలికలు కడతాను. పండుగ దాకా ఆ సాలులో కాయను ఎవరూ తెంపరు. మా కోడలు సుశీల కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు తెలియక రెండు కాయలు తెంపితే, నేను వారం రోజులు దానితో మాట్లాడలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ రెండు కాయలకే నేను అంత చేశానా అనిపిస్తుంది.

నేను పొద్దున్నే హనుమకొండలో రోడ్డు పక్క పట్టా పరుచుకుని కూరగాయలు అమ్ముతాను. చదువు అంతంత మాత్రం, అక్షరాలు కూడబలుక్కుంటాను. మాట మాత్రం బాగా వచ్చు. కొనేవాళ్లు సంచీ తెరిచే ముందు ఒకటే అడుగుతారు.

"మీరు తినేవేనా అవ్వా?"

"మేం తినేదే బిడ్డా మీకిస్తాన్న."

ఎన్నేళ్లుగా అన్నానో ఆ మాట. త్రాసులో రాయి వేసినంత అలవాటుగా అనేదాన్ని. అబద్ధమన్న ఆలోచనే లేదు. వంకాయే కదా, మేమూ వంకాయే తింటాం కదా!

పోయిన ఏడాది వానలు ఆగాక పురుగు విరుచుకుపడింది. మొవ్వలన్నీ వాలిపోయేవి, కాయ కోస్తే లోపల పురుగు. దేవుని సాలులో కూడా చాలా కాయలకు బొక్కలు. నాకు బెంగ పట్టుకుంది. దేవునికి ఇచ్చేది మచ్చ లేనిదై ఉండాలని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. పుచ్చు కాయలు బుట్టలో పెట్టుకుని నలుగురి మధ్యలో ఎట్లా నడవను?

మందుల దుకాణం వీరభద్రానికి చెబితే ఆయన రెండు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"రెండు కలిపి కొట్టుండ్రి అవ్వా. కాయ అద్దం తీర్గ మెరుస్తది."

డబ్బా మీద మూలన ఎర్ర గుర్తు ఉంది. ఎరుపంటే గట్టి మందు అని అందరికీ తెలుసు. గట్టిదైతే మంచిదే అనుకున్నాను. గురువారం దావీదు కొట్టాడు. శుక్రవారం పోయి చూస్తే రెండు కాయలకు కొత్త బొక్కలు. శనివారం తెల్లారగానే మళ్లీ వాణ్ని లేపాను.

"మొన్ననే కొట్టిన గదనే అమ్మా. పంపు మోసీ మోసీ భుజాలు పోతానయ్," అన్నాడు వాడు.

"అమ్మకపు సాళ్లు కావురా, దేవునిది. ఇంకోసారి కొట్టు. కిందికెల్లి కూడ కొట్టు, ఆకుల చాటున ఉంటయ్ కాయలు."

"దేవునికి వంకాయ కూర అంత ఇష్టమా?"

"నోరు మూసుకొని పంపెత్తు."

నేనే వెనక నడిచి చూపించాను. ఇక్కడ కొట్టు, అక్కడ కొట్టు అని. అమ్మే కాయలకు కూడా నేను ఎప్పుడూ అట్లా దగ్గరుండి కొట్టించలేదు. ఇంత శ్రద్ధ ఎవరి కోసం పడ్డానో, ఎవరి మీద పడ్డదో అప్పుడు నాకు తట్టలేదు.

శనివారం సాయంత్రం తెంపి, బొక్క కాయలు ఏరి పక్కన పడేశాం. మిగిలినవి నిజంగానే మెరిశాయి. ఊదా రంగు, పచ్చటి తొడిమ, ఒక్క బొక్క లేదు. కొత్త బుట్టలో వేప రెమ్మలు పరిచి పేర్చాను. అప్పుడే మా మనవరాలు జెస్సికా పండుగకని హాస్టల్ నుంచి వచ్చింది. వ్యవసాయం చదువుతోంది అది. వచ్చీ రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా ఒక కాయ తీసి తిప్పి చూసింది.

"బాపమ్మా, మస్తున్నయ్. వీటికి మందు ఎప్పుడు కొట్టిండ్లు?"

"గియ్యాల పొద్దుగాల. ఎందుకే?"

అది కాయ కింద పెట్టి, చూరు కింద ఉన్న డబ్బా తీసుకుంది. వెనక చీమల్లాగా అక్షరాలుంటాయి చూడండి, వాటిని చదివింది.

"కొట్టినంక ఏడు దినాలు కాయ తెంపొద్దని రాసున్నది గదా. రెండు మందులు కలుపుమన్నది ఎవరు?"

"ఏడు దినాలు తెంపకపోతే పండుగ ఆగుతదా? దేవుని బుట్ట గది. దానికి చెయ్యి పెట్టకు."

"దేవుడు తినడు బాపమ్మా. వేలంల కొన్నోళ్లు తినరా?"

నాకు కోపం వచ్చింది. "కడుక్కొని తింటరు తియ్. నాలుగు అక్షరాలు నేర్చుకొని వచ్చి నాకు చెప్తానవా?"

"కొన్ని మందులు కడిగితే పోవు. కాయ లోపలికి దిగుతయ్," అని అది మెల్లగా అంది.

సుశీల వంటింట్లోంచి, "పండుగ పూట పెద్దోళ్లతోటి వాదన ఏందే?" అని కేకేసింది. జెస్సికా డబ్బా చూరు కింద పెట్టేసింది. నేను బుట్ట మీద గుడ్డ కప్పాను. అంటే నాకు తెలియదని చెప్పుకోవడానికి లేదు. శనివారం సాయంత్రానికే నాకు తెలుసు.

ఆదివారం గుడి నిండా పంటే. ఆరాధన అయ్యాక వేప చెట్టు కింద వేలం మొదలైంది. పాట పాడించేది ఎప్పుడూ దేవదానం సారే. రిటైరైన మాస్టారు, బడిలో ఉన్నప్పటికన్నా ఇప్పుడే గొంతు పెద్దది. ముందు ఒక గుమ్మడికాయ ఎత్తబోయి ఎత్తలేక, "ఇది కొన్నోళ్లకు ఆటో కిరాయి సంఘం ఇయ్యది, ముందే చెప్తాన్న," అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత నా బుట్ట తీశాడు.

"మార్తమ్మవ్వ వంకాయలు! ఒక్క మచ్చ లేదు, చూసుకోండ్రి. నా ముఖం కనబడ్తాంది ఇందుల."

"నీ ముఖం కనబడితే ఎవరు కొంటరు సారూ?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

నవ్వులు. నేను కొంగు సర్దుకుని కొంచెం నిటారుగా నిలబడ్డాను. గర్వమే, ఎందుకు దాచడం.

అప్పుడు అనూష చెయ్యి ఎత్తింది. అనూష తల్లి, నేను ఒకే ముఠాలో నాట్లు వేసినవాళ్లం. ఆమె పోయాక ఈ పిల్లకు తల్లి తరఫున పెద్దదిక్కు ఎవరంటే నా పేరే చెబుతారు. కాశిబుగ్గలో ఉంటుంది, చిన్న పిల్లల బడిలో టీచరు. పెళ్లయిన ఆరేళ్లకు కడుపు పండింది. అప్పటికి ఏడో నెల.

ఇంకొకరు పాట పెంచబోతే అనూష నవ్వుతూ అంది, "జర నాకిడిసిపెట్టుండ్రి. కూరగాయలు మంచియి చూసి తినుమని డాక్టరమ్మ ఒకటే చెప్తాంది. యాడ కొన్నా ఏం మందులు కొడుతాండ్లో అని భయం. అవ్వ చేతియైతే నాకు ఫికర్ లేదు."

కడుపుతో ఉన్న పిల్ల మాట అట్లా అన్నాక ఎవరు పాడతారు? అందరూ ఆగారు. దేవదానం సారు మూడోసారి అనబోతూ ఉండగా అనూష నా వైపు తిరిగింది. ఎప్పుడూ బేరంలో అందరూ అడిగేదే అడిగింది.

"మీరు తినేవే గదా అవ్వా?"

చుట్టూ అందరూ ఉన్నారు. పాస్టరు గారు ఉన్నారు. జెస్సికా నా పక్కనే ఉంది. నాకు ఆలోచించే సమయం కూడా దొరకలేదు, నోరే చెప్పేసింది.

"మేం తినేదే బిడ్డా."

జెస్సికా నా ముఖం చూసింది. ఆ తర్వాత నేల చూసింది. పిల్ల నన్ను చూసి సిగ్గుపడటం అదే మొదటిసారి.

అనూష భర్త జోయెల్ బుట్ట భుజాన పెట్టుకుని బైకు దాకా నడిచాడు. పిలవడానికి రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఎవరో ఒకరు వచ్చి, "అవ్వా, నీ వంకాయలదే ఈసారి పేరు," అన్నారు. నేను నవ్వాను.

ఇంటికి వచ్చాం. సుశీల కంచాలు పెట్టింది. పండుగని కోడి కూర, దానితో పాటు వంకాయ పులుసు. నాకు ఇష్టమని చేసింది. ముక్కలు చిన్నాపెద్దా ఉన్నాయి, పుచ్చు తీసేసిన చోట్ల గాట్లు. జెస్సికా ఆ గిన్నె నా ముందుకు జరిపింది.

"ఇవి ఏ సాలుయి బాపమ్మా?"

అంతే అడిగింది. నేను అన్నం కలిపాను. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అక్కడ కాశిబుగ్గలో ఆ పిల్ల ఈపాటికి పొయ్యి వెలిగించి ఉంటుంది. ఇక్కడ నేను బావి పక్కన సాలు తింటున్నాను.

"దానికి ఫోన్ కలుపవే," అన్నాను.

కలిపింది. రెండోసారికి అనూష ఎత్తింది. "అవ్వా! నూరేండ్లు నీకు. నీ వంకాయలే కోస్తాన్న. కత్తి పెడితే వెన్న తీర్గ దిగుతాంది. గుత్తి వంకాయ చేస్తాన్న, ఆయన పొద్దటి సంది అదే పాట పాడుతాండు."

చెప్పాలి. అప్పుడే చెప్పాలి. నాలుగు మాటలే కదా.

"మంచిగున్నవా బిడ్డా? నడుం నొస్తలేదా?" అన్నాను.

"నొస్తలేదవ్వా."

"సరే బిడ్డా."

ఫోన్ పెట్టేశాను. ఎన్ని ఆదివారాలు సంఘంలో లేచి సాక్ష్యం చెప్పానో లెక్క లేదు. మార్తమ్మ లేస్తే అన్నాలు చల్లారతాయని వెనక అనుకుంటారు. అటువంటి నాకు నాలుగు మాటలు పెగలలేదు. జెస్సికా కంచం ముందు నుంచి లేచింది. చెయ్యి కడుక్కుని చెప్పులు వేసుకుంది. "నడువు, ఆటో చూస్త," అంది.

ఆటోలో దారి పొడుగునా నేను లెక్క వేసుకుంటూనే ఉన్నాను. మసాలా నూరడానికి ఇంతసేపు, కాయల్లో కూరడానికి ఇంతసేపు, మగ్గడానికి ఇంతసేపు. వెంకట్రామా టాకీసు దగ్గర ఊరేగింపేదో అడ్డం వస్తే దిగి నడుద్దామన్నాను. నా మోకాళ్లతో ఎంత దూరం నడుస్తానో చూసి ఆటో అబ్బాయి నవ్వాడు. ఒక పక్క తొందరగా పోవాలని ఉంది. ఇంకో పక్క, దేవుడా, అక్కడికి పోయేసరికి వాళ్లు ఇంట్లో లేకుండా ఎటైనా వెళ్లి ఉంటే బాగుండు అని కూడా ఉంది. రెండూ నిజమే.

వాళ్ల సందులోకి వెళ్లగానే వాసన వచ్చింది. నువ్వులు, పల్లీలు, ఎల్లిపాయ. కూర అయిపోయింది.

జోయెల్ చాప మీద కంచం ముందర కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. "అగో, అవ్వ వాసన పట్టే వచ్చింది! రాండ్రి రాండ్రి. నీదే నీకు పెడుతాన్నం."

అనూష ఇంకో కంచం పెట్టింది. నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. పెద్దదాన్నని ముందు నాకే వడ్డించింది. రెండు నిండు కాయలు, పైన నూనె తేలుతోంది. జోయెల్ కూడా పెద్దవాళ్లు ముట్టాక ముడదామని ఆగాడు.

"తినవ్వా, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు."

నా చెయ్యి కంచం దాకా పోయి ఆగింది. మా ఇంట్లో ఎవరమూ ఆ సాలు కాయ తిన్నది లేదు. ఇప్పుడు నేనే తినాలి. చెయ్యి ముందుకు రాలేదు. అనూష నా చేతినే చూస్తోంది. నవ్వు కొంచెం కొంచెంగా పోయింది దాని ముఖంలోంచి.

"ఏమైందవ్వా?"

నేను కూర గిన్నె మీద అరచెయ్యి అడ్డం పెట్టాను. "తినకుండ్రి బిడ్డా. మందు కొట్టినయి."

జోయెల్‌కు అర్థం కాలేదు. అనూష మాత్రం, "ఉప్పునీళ్లల్ల నానబెట్టి కడిగిన గదా," అంది.

"కడిగితే పోదట."

"ఎప్పుడు కొట్టిండ్లు?"

"నిన్న పొద్దుగాల. గురువారం ఒకసారి, నిన్న ఒకసారి. రెండు మందులు కలిపి. మచ్చ ఉండొద్దని... దేవునిదని..."

అనూష పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "ఉప్పు చూసిన గదా అవ్వా నేను," అంది మెల్లగా. "రెండుసార్లు చూసిన."

ఆ మాటకు నేను ఎక్కడికి పోను? జెస్సికానే ముందుకొచ్చి పక్కన కూర్చుంది. "అక్కా, నాలిక మీద పెట్టుకున్నదానికి భయపడకు. ఒకనాటితోటి అయ్యేది కాదిది. మనసుకు గుంజితే డాక్టరమ్మకు ఫోన్ చేసి అడుగు. రోజూ తినుడే అసలు ఫికర్," అంది. మంచి కోసమే అంది, ధైర్యం చెప్పడానికే అంది.

అనూష నా వైపు చూసింది. "మూడేండ్ల సంది నీ దగ్గరనే కొంటాన్నం అవ్వా. రోజు విడిచి రోజు."

నేను తల ఎత్తలేదు.

"ఇయ్యాల మీ ఇంట్ల ఏం కూర?" అని అడిగింది.

"వంకాయనే."

"ఏ వంకాయ?"

అప్పుడు చెప్పాను. బావి పక్కన సాలు, అమ్మకపు సాళ్లు, తెల్ల పేలికల సాలు. చెబుతుంటే నాకే కొత్తగా వినబడింది. నలభై ఏళ్లు బావి గట్టున కూర్చుని నవ్వుతూ మాట్లాడుకున్న మాటలే అవి. ఆ ఇంట్లో, ఆ చాప మీద, వేరే మాటలైపోయాయి. పక్కింట్లో మగ్గం ఆడుతోంది. అది ఆగిందంటే బాగుండు, లేదా ఇంకా గట్టిగా ఆడిందన్నా బాగుండు అనిపించింది.

జోయెల్ అంతా విని కంచం పక్కకు జరిపాడు. "అంటే మేం అమ్మకపు సాలోళ్లమా అవ్వా?" అన్నాడు. గొంతు పెంచలేదు. తిట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

"పొద్దుగాల అందరి ముందట అడిగిన గదా నిన్ను," అంది అనూష.

"అడిగినవ్ బిడ్డా."

"అప్పుడన్న చెప్పకపోతివి."

"చెప్పలే."

అది లేచింది. గిన్నె మీద మూత పెట్టి వంటింట్లోకి తీసుకుపోయింది. నా కంచంలోవి, జోయెల్ కంచంలోవి ఎత్తేసింది. మామిడి తొక్కు, పెరుగు తెచ్చి జోయెల్‌కు వేసింది. తను కూడా వేసుకుంది. నన్ను తినమని అనలేదు. అన్నం వేళకు వాకిట్లోకి వచ్చిన మనిషిని తినమనకుండా పంపే ఇల్లు కాదు అది. తల్లి ఉన్నప్పుడూ కాదు. ఎంగిలి పడని చేతితోనే లేచాను.

గడప దిగేటప్పుడు, "బుట్ట తీసుకపో అవ్వా," అంది. ఖాళీ బుట్ట, అడుగున వేప రెమ్మలు. మిగిలిన కాయలు ఏం చేసిందో నేను అడగలేదు.

అనూష ఎవరికీ చెప్పలేదు. మరుసటి ఆదివారం గుడిలో అందరూ మామూలుగానే పలకరించారు. "ఈసారి వంకాయలు మస్తు కాసినయ్ అవ్వా," అని దేవదానం సారు మళ్లీ అన్నాడు. సాక్ష్యాల వేళ అందరూ నా వైపు చూశారు. నేను లేవలేదు. గొంతు బాగా లేదేమో అనుకున్నారు. ఒకామె మిరియాలు పాలల్లో వేసుకుని తాగమంది. అట్లా ఎన్ని ఆదివారాలు గడిచాయో! అనూష ముందు వరుసలో కూర్చునేది, నేను వెనక. అది నన్ను దాటి పోయేటప్పుడు తల ఊపేది, అవ్వా అని మాత్రం పిలిచేది కాదు.

పండుగ జరిగిన నెలలోనే ఇంటి సాలు పీకేశాను. దావీదు అడ్డం వచ్చాడు.

"నీకేమైనా పిచ్చా అమ్మా? మనం ఏం తినాలె?"

"అమ్మేదే తినాలె. తినబుద్ధి కాకపోతే అమ్మొద్దు."

"పురుగొస్తే?"

"కొట్టు. ఎంత రాసుంటే అంత కొట్టు. ఎన్ని దినాలు ఆగుమంటే అన్ని దినాలు ఆగుదం. మనమూ గదే తింటం."

వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత మోటారు గది గోడ మీద జెస్సికా సుద్దముక్కతో గళ్లు గీసింది. ఏ సాలుకు ఏ రోజు కొట్టాడో అందులో గుర్తు పెట్టాలి. నాకు తేదీలు రాయడం కష్టమని రోజుకో గీత పెట్టమంది. ఏడు గీతలు అయితేనే బుట్ట బయటికి తీస్తాం. ఎర్ర గుర్తు డబ్బా ఇంట్లోకి రానివ్వడం లేదు. పురుగు అంటుకునేట్టు జెస్సికా పసుపు జిగురు అట్టలు కట్టింది, వాలిన మొవ్వలు ఏరి కాల్చమంది. సగం పంట అందంగా ఉండదు. పట్టా మీద పోస్తే చూసి పక్కకు పోతారు. "మీరు తినేవేనా అవ్వా?" అని అడిగినవాళ్లకు ఇప్పుడు కూడా "మేం తినేదే" అనే అంటాను. కానీ ఆ మాట అనేముందు ఒక్క క్షణం ఆగుతాను. ఆ ఆగడం చూసి కొందరు అనుమానంగా ముఖం పెడతారు. వెనకట ఆగకుండా అన్నప్పుడు మాత్రం అందరూ నమ్మారు.

జనవరి చివర్లో అనూషకు ఆడపిల్ల పుట్టిందని సుశీల చెప్పింది. తల్లీ బిడ్డా బాగున్నారట. మూడు కిలోల పైనే బరువట. ఆ మాట విని నేను పందిరి కింద కూలబడి ఏడ్చాను. ఆ కబురు కోసం రెండు నెలలు ఎట్లా ఉన్నానో నాకే తెలుసు. రోజూ ప్రార్థనలో వేరే పేరు లేదు.

బాలింతకు బీరకాయ మంచిది. తల్లి ఉంటే తల్లే పట్టుకుపోయేది. ఆ పని నాది. పోవాలంటే కాళ్లు రాలేదు. పదిహేను రోజులు అట్లాగే గడిపాను. పందిరి మీద బీరకాయలు దిగాయి, పోయిన మంగళవారం నాలుగు లేతవి తెంపాను. తెంపే ముందు మోటారు గదిలోకి వెళ్లి గోడ మీద గీతలు వేలుపెట్టి లెక్కపెట్టాను. రెండోసారి లెక్కపెట్టాను. అదే సాలు కాయలు ముందు రోజు మా ఇంట్లో వండుకున్నాం.

అనూషే తలుపు తీసింది. చెవులకు గుడ్డ కట్టుకుని ఉంది, ముఖం పాలిపోయి ఉంది. లోపల ఉయ్యాలలో బిడ్డ మూలుగు వినబడుతోంది. నేను గడప బయటే నిలబడి సంచీ ముందుకు చాపాను. తెచ్చింది బీరకాయలని చెప్పాను. మీరు తినేవేనా అని అది అడగలేదు. ఆ ప్రశ్న మా ఇద్దరి మధ్య ఇక లేదు.

సంచీ వైపు చూసింది. నా వైపు చూసింది.

"ఎన్ని దినాలైందవ్వా కొట్టి?"

"తొమ్మిది," అన్నాను.

సంచీ తీసుకుంది. లోపలికి రమ్మనలేదు. తలుపు మాత్రం వెయ్యలేదు.